గులాబీ ఐరిస్‌ల అమ్మమ్మలు

న్యూజెర్సీ వెళ్ళిన తెలుగువాళ్ళని చుట్టాలు ముందు గుడికి తీసుకెళ్తారు, ఆ తర్వాత న్యూయార్క్ చూపిస్తారు. ఎడిసన్‌లో మా అక్క వాళ్ళింట్లో దిగిన నేను మాత్రం మాంట్‌క్లెయిర్ తీసుకెళ్ళమని అడిగాను. మే నెలాఖరు. గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద ఉత్తరంగా కారు నడుపుతూ అక్క కూతురు ఉండబట్టలేక అడిగేసింది. "పూల కోసమే అయితే మన వీధి చివర కూడా ఐరిస్‌లు ఉన్నాయి కదా పిన్నీ, ఇంత దూరం ఎందుకు?"

ఉన్నాయి. తెల్లవి, పసుపువి, ఊదావి. ఐరిస్‌కి ఆ రంగులు పుట్టుకతో వచ్చినవే. నాకు కావలసింది గులాబీ రంగు ఐరిస్. అది అడవిలో దొరికిన పువ్వు కాదు, ఎక్కణ్ణించో తెచ్చి నాటిందీ కాదు. కొందరు మనుషులు ఏళ్ళ తరబడి ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకి పూసి, గింజలు నాటి, వచ్చిన మొక్కల్లో నూటికి తొంభై తొమ్మిది పీకి పారేసి, చివరికి బయటికి రప్పించిన రంగు. దాని వంశం ఎటునుంచి ఎటు వచ్చిందో తెలుసుకోవాలని చాలాకాలంగా చదువుతున్నాను. చదివిన పేర్లని మట్టిలో, ఎండలో చూడాలని ఈ ప్రయాణం.

ప్రెస్బీ మెమోరియల్ ఐరిస్ గార్డెన్స్ మాంట్‌క్లెయిర్ ఊరి పైవైపున, వాచంగ్ కొండ వాలులో ఉంది. మౌంటెన్‌సైడ్ పార్క్ అంచున, అప్పర్ మౌంటెన్ అవెన్యూ పక్కనే. ఈ ఊరివాడైన ఫ్రాంక్ ప్రెస్బీ అమెరికన్ ఐరిస్ సొసైటీ స్థాపకుల్లో ఒకరు. ఆయన పోయాక ఆయన జ్ఞాపకార్థం 1927లో ఈ తోట వేశారు. సొసైటీ మొదటి అధ్యక్షుడు, తోటల రూపకల్పనలో పేరున్న జాన్ విస్టర్ దీన్ని తీర్చిదిద్దారు. పక్కింటి బార్బరా వాల్తర్ దాదాపు యాభై ఏళ్ళు దీన్ని కన్నబిడ్డలా సాకారు. వాళ్ళ పాతకాలపు పెద్ద ఇల్లు తోటకి ఆనుకుని ఇప్పటికీ ఉంది. లోపలికి టిక్కెట్టు లేదు. తోచినంత వెయ్యమని ఒక పెట్టె పెట్టారు. కొండవాలుని ఒరుసుకుంటూ వంపులు తిరిగిన పొడవాటి మళ్ళు, వాటినిండా వేల మొక్కలు. ద్రాక్షపళ్ళ వాసనలాంటిదొకటి గాలిలో వచ్చి పోతూ ఉంది. పాత రకం ఐరిస్‌లకి ఆ వాసన ఉంటుంది.

ఈ తోటలో నన్ను కట్టిపడేసింది రంగులు కాదు, ప్రతి మొక్క మొదట్లో గుచ్చిన చిన్న పలక. దాని మీద పువ్వు పేరు, దాన్ని పుట్టించిన మనిషి పేరు, ఏడాది. అంతే. తల్లిదండ్రుల పేర్లు పలక మీద ఉండవు, అవి సొసైటీ రిజిస్టర్లలో ఉంటాయి. ప్రపంచంలో ఎవరు కొత్త గడ్డపు ఐరిస్ (రేకుల మీద గడ్డంలాంటి నూగు ఉండే రకం) పుట్టించినా నమోదు జరిగేది ఆ సొసైటీలోనే. నేను కావలసినవి ఒక నోటుపుస్తకంలో ఎక్కించుకుని వెళ్ళాను. మధ్యలో ఇంటూ గుర్తు. దానికి ఎడమవైపున్నది తల్లి, అంటే కాయ కాసిన మొక్క. కుడివైపున్నది పుప్పొడి ఇచ్చిన తండ్రి.

వరి తెలిసినవాళ్ళకి ఈ రాత కొత్త కాదు. బాపట్లలో పుట్టిన సాంబ మసూరికి, మనం బీపీటీ 5204 అనేదానికి, ఇలాంటి వంశావళే ఉంది. జీఈబీ 24ని తైచుంగ్ నేటివ్ 1తో కలిపారు. వచ్చిన దాన్ని మసూరితో కలిపారు. ఆ మాట చెప్పగానే అక్క కూతురు నోటుపుస్తకం నా చేతిలోంచి లాక్కుంది. ఆ తర్వాత మళ్ళలో పేర్లు వెతకడం తన పనే అయింది.

ముందు దొరికింది 'బెవర్లీ సిల్స్'. అమెరికన్ ఒపెరా గాయని పేరు పెట్టిన పువ్వు. కాలిఫోర్నియాలో స్టాక్‌టన్ దగ్గర తోట నడిపిన బెన్ హేగర్ పుట్టించాడు, 1978లో నమోదైంది. దాని ముందు గొంతుకూర్చుని చాలాసేపు చూశాను. ఐరిస్ పువ్వుకి మూడు రేకులు పైకి లేచి గోపురం కడతాయి, మూడు కిందికి వాలతాయి. వాలిన ప్రతి రేకు మీదా మధ్యలో నూగు నూగుగా ఒక చార ఉంటుంది. దాన్నే గడ్డం అంటారు. 'బెవర్లీ సిల్స్' రేకుల అంచులు ముడతలు ముడతలుగా, సన్నటి కుచ్చు కుట్టినట్టు ఉన్నాయి. రంగు లేత గులాబీ, అందులో ఎక్కడా నీలి జాడ లేదు. గడ్డం మాత్రం నారింజకీ ఎరుపుకీ మధ్య రంగులో వెలుగుతోంది. గులాబీ ఐరిస్ రహస్యం ఆ గడ్డంలోనే ఉంది.

ఆ సంగతి చెప్పాలంటే ముందు పాత మళ్ళ దగ్గరికి పోవాలి. పంతొమ్మిదో శతాబ్దం నుంచీ గులాబీ రంగని చెప్పి అమ్మిన ఐరిస్‌లు ఉన్నాయి. ఇంగ్లండులో జాన్ సాల్టర్ పెంచిన 'క్వీన్ ఆఫ్ మే', 1903లో పెరీ తెచ్చిన 'హర్ మెజెస్టీ', 1922లో ఆర్థర్ బ్లిస్ ఇచ్చిన 'సూజన్ బ్లిస్'. పేరున్న రకాలే, అందమైనవే. కానీ అవి ఊదాని పలచన చేస్తే వచ్చే గులాబీ. వంకాయకీ నేరేడుకీ రంగునిచ్చే ఆంథోసయనిన్లే ఇక్కడా రంగు వేస్తున్నాయి. నీడలో గులాబీగానే కనిపిస్తాయి. 'బెవర్లీ సిల్స్' పక్కన పెడితే మాత్రం వాటిలోని నీలం బయటపడుతుంది. ఆ దారిన ఎంత దూరం పోయినా అసలు గులాబీ రాదు. దశాబ్దాల పాటు ఎందరో ఆ దారినే నడిచారు.

అసలు గులాబీ ఇంకో దారిన వచ్చింది. ఐరిస్‌లో పసుపు రంగు కెరోటినాయిడ్ల వల్ల వస్తుంది. మొక్క ముందు లైకోపీన్ తయారుచేసుకుని, దాన్ని ఇంకో మెట్టు ఎక్కించి బీటా కెరోటిన్‌గా మారుస్తుంది. ఆ మెట్టు దగ్గర ఆగిపోతే లైకోపీన్ అలాగే మిగిలిపోతుంది. టొమాటోకీ పుచ్చకాయకీ ఎర్ర జామ గుజ్జుకీ రంగునిచ్చేది అదే. రేకుల్లో లైకోపీన్ పలచగా ఉండి, ఊదా అడ్డు రాకపోతే గులాబీ. గడ్డంలో అదే చిక్కగా చేరితే ఆ నారింజ ఎరుపు. అందుకే నారింజ గడ్డం కనిపించగానే ఆ మొక్కలో ఈ గుణం ఉందని పెంపకందార్లు గుర్తుపట్టేస్తారు. దాన్ని వాళ్ళు టాంజరీన్ ఫ్యాక్టర్ అంటారు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఈ గుణం అంతర్గతమైనది. పైగా ఇప్పటి తోట ఐరిస్‌లలో క్రోమోజోములు నాలుగు జట్లు, మొత్తం నలభై ఎనిమిది. యూరప్‌లోని పాత చిన్న రకాలకి ఇరవై నాలుగే. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో సర్ మైకేల్ ఫాస్టర్ అనే ఆయన, కేంబ్రిడ్జిలో ఫిజియాలజీ ప్రొఫెసర్, తూర్పు దేశాల్లో ఉన్న మిషనరీలకి ఉత్తరాలు రాసి దుంపలు తెప్పించుకున్నాడు. టర్కీలోని అమాస్యా నుంచి వచ్చిన పెద్ద పువ్వు 'అమాస్' అలా దొరికిందే. మన కాశ్మీరు ఐరిస్ కూడా అలాగే ఇంగ్లండు చేరింది. కాశ్మీరులో సమాధుల మీద నాటే తెల్లటి, లేత ఊదా ఐరిస్ అది. దాన్నుంచి ఫాస్టర్ పెంచిన 'కాశ్మీర్ వైట్' ఆయన పోయాక అమ్మకానికి వచ్చింది. ఈ తూర్పు రకాలన్నీ నాలుగు జట్లవి. వాటితో సంకరం చేశాక తోట ఐరిస్ ఎత్తుకీ పువ్వు సైజుకీ హద్దు లేకుండా పోయింది.

అయితే నాలుగు జట్లున్న మొక్కలో అంతర్గత గుణం బయటపడాలంటే నాలుగు చోట్లా అదే జన్యువు ఉండాలి. ఒక్క చోట పసుపుని పూర్తిచేసే జన్యువు ఉన్నా లైకోపీన్ నిలవదు. గులాబీ మొక్కని, ఆ గుణం అసలే లేని మొక్కతో కలిపితే పిల్లల్లో ఒక్కటీ గులాబీ కాదు. ఆ పిల్లల్ని మళ్ళీ తమలో తాము కలిపితే ముప్పై ఆరింట ఒకటి. గులాబీ మొక్కకే తిరిగి కలిపితే ఆరింట ఒకటి. లెక్క తెలిసినవాడికే ఇంత కష్టం. 1920లలో, 30లలో ఐరిస్ తోటల్లో తిరిగినవాళ్ళకి ఈ లెక్క తెలియదు. లోపల ఏముందో కనిపించని మొక్కల్ని ఎంచి ఎంచి కలుపుకుంటూ పోయారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

షికాగో శివారు విల్మెట్‌లో డేవిడ్ హాల్ ఉండేవాడు. గులాబీ ఐరిస్ కోసం 1920లలో మొదలుపెట్టి దాదాపు ఇరవై ఏళ్ళు మొలకలు పెంచాడు. పెంచినవాటిలో చాలా భాగం తీసి పారేశాడు. 1940ల మొదట్లో ఆయన మళ్ళలో నారింజ గడ్డంతో, నీలి జాడ లేని గులాబీ పువ్వులు విచ్చుకున్నాయి. వాటిని ఫ్లమింగో పింక్ అన్నారు. ఫ్లమింగో రాజహంస రంగే అది, మన పులికాట్ సరస్సుకి వచ్చే పక్షే. ఆ వరసలో వచ్చిన 'చెరీ'కి 1951లో డైక్స్ మెడల్ దక్కింది. విలియం డైక్స్ ఇంగ్లండులో బడి పంతులు. 1913లో ఐరిస్ జాతి మొత్తం మీద పెద్ద పుస్తకం రాసి, 1925లో మోటారు ప్రమాదంలో పోయాడు. ఆయన పేరిట బ్రిటిష్ ఐరిస్ సొసైటీ పెట్టిన పతకం అది. అమెరికాలో ఐరిస్‌కి అంతకన్నా పెద్ద గౌరవం లేదు.

హాల్ ఒక్కడే కాదు. కొలరాడోలో డాక్టర్ లూమిస్, షికాగో వైపే ఉన్న ఆర్విల్ ఫే, నెబ్రాస్కా పొలాల్లో సాస్ కుటుంబం. ఎవరి తోటలో వాళ్ళు పనిచేస్తుండగా ఇంచుమించు ఒకే కాలంలో గులాబీ అక్కడక్కడా తలెత్తింది. దీన్ని కాకతాళీయం అనుకోలేను. తూర్పు నుంచి వచ్చిన పెద్ద రకాలు అందరి తోటల్లోకీ పాకాయి. ఆ జన్యువు ఎందులోనో దాగి అందరికీ చేరింది. దగ్గరి చుట్టరికం ఉన్న మొక్కల్ని మళ్ళీ మళ్ళీ కలిపినవాళ్ళ దగ్గర బయటపడింది. అవి యుద్ధం రోజులు. ఇంటి వెనక కూరగాయలు పండించమని ప్రభుత్వం చెబుతున్న రోజులు. అప్పుడు కూడా ఈ మొలకల మళ్ళు నిలబడ్డాయంటే ఆ మనుషుల పట్టుదలకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

ఫే పుట్టించిన 'మేరీ రాండల్' 1954లో డైక్స్ మెడల్ తెచ్చుకుంది. నోటుపుస్తకంలో దాని వరస 'న్యూ హొరైజన్' ఇంటూ 'చెరీ'. అంటే ఫే తన తోట తల్లికి హాల్ తోట తండ్రిని తెచ్చాడు. పువ్వు మాత్రం పాల గులాబీ కాదు, ఊదా కలిసిన ముదురు రంగు. గడ్డం నారింజ. పాత దారి రంగూ కొత్త దారి రంగూ ఒకే రేకులో కలిస్తే ఎలా ఉంటుందో అందులో చూడవచ్చు. నా మటుకు నాకు నికార్సైన గులాబీ కన్నా ఇదే ఎక్కువ నచ్చుతుంది.

అక్కణ్ణించి కథ వేగం అందుకుంటుంది. రుడాల్ఫ్ 'పింక్ టాఫెటా' 1975లో, హేగర్ 'వానిటీ' 1982లో, 'బెవర్లీ సిల్స్' 1985లో డైక్స్ మెడల్స్ గెలిచాయి. 'బెవర్లీ సిల్స్' తల్లి 'పింక్ పిరొయెట్', తండ్రి 'వానిటీ'. తండ్రి గెలిచిన మూడేళ్ళకే బిడ్డా గెలిచింది. 'బెవర్లీ సిల్స్'ని తల్లిగానో తండ్రిగానో పెట్టుకుని ఆ తర్వాత ఎందరెందరో సంకరాలు చేశారు. ఇప్పుడు అమ్మకానికి వచ్చే గులాబీ ఐరిస్‌ల వంశం వెనక్కి లాగితే అది ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది.

వెనక్కి వెళ్తున్నకొద్దీ నోటుపుస్తకంలో పేర్లు తగ్గిపోయి నంబర్లు వస్తున్నాయి. సీడ్లింగ్ ఫలానా, సీడ్లింగ్ ఫలానా. లూమిస్ ఎస్‌క్యూ-72 అనేది గులాబీల తొలి తరం వంశావళుల్లో మాటిమాటికీ తగులుతుంది. దానికి పేరు పెట్టలేదు. దాని పలక కోసం ఆ మళ్ళలో ఎంత వెతికినా లాభం లేదు. ఎండిన పువ్వులు తుంచుతున్న ఒక పెద్దావిడ మా వెతుకులాట చూసి దగ్గరికి వచ్చింది. తోటకి ఉచితంగా పనిచేసే వాలంటీర్లలో ఒకరు. ఎస్‌క్యూ-72 గురించి అడిగితే నవ్వి, "పేరు పెట్టని మొలకని ఎవరు దాస్తారండీ? పిల్లలు ఉంటే చాలని అమ్మని తీసేస్తాం" అని ఆంగ్లంలో ఆ అర్థం వచ్చే మాటేదో అంది.

ఆవిడ తన ఇంటి పెరట్లో కూడా ఐరిస్‌లు కలుపుతుందట. అదెలాగో చేసి చూపమని అడిగాం. తోటలో పువ్వుని ముట్టుకోకూడదు కాబట్టి గాలికి విరిగి పడిన కాడ ఒకటి తీసుకుంది. వాలిన రేకుని వేలితో కిందికి వంచింది. దానికి పైన కప్పులా ఒక కీలం ఉంటుంది, కింద కేసరం దాక్కుని ఉంటుంది. ట్వీజర్స్‌తో కేసరాన్ని మొదట్లో పట్టి లాగితే పుప్పొడితో సహా వచ్చేసింది. కీలం చివర, కింది వైపున, గోరంత పెదవిలాంటి మడత. పుప్పొడి పూయవలసింది అక్కడే. మూడు రేకుల దగ్గరా పూసి, దారంతో చీటీ కట్టాలి. తల్లి పేరు, ఇంటూ, తండ్రి పేరు, తారీఖు. కాయ పండడానికి రెండు నెలలు. గింజలు ముడతలుపడి గోధుమరంగులో ఉంటాయి. శీతాకాలం చలి తగలందే మొలవవు. మొలిచాక పువ్వు చూడాలంటే మామూలుగా ఇంకో రెండేళ్ళు. హైదరాబాదు, విజయవాడల్లో ఈ ఐరిస్‌లు పూయకపోవడానికి కారణం కూడా ఆ చలే. మన చలికాలం వాటికి సరిపోదు.

"అన్నేళ్ళు పెంచి ఎన్ని ఉంచుకుంటారు?" అని అక్క కూతురు అడిగింది. ఒక కాయలో వచ్చిన మొలకలన్నీ పూశాక ఒకటో రెండో ఉంచుకుంటానని, ఒక్కోసారి ఏదీ ఉంచుకోనని చెప్పింది. మిగిలినవి ఎరువు కుప్పలోకి. మరి బాధనిపించదా అంటే, ఎందుకు బాధ, నాకు కావలసింది వాటి మనవరాలు అంది.

ఆ మాటతో నాకు హాల్ తోట కళ్ళకి కట్టింది. ఇరవై ఏళ్ళ పాటు ప్రతి వసంతంలోనూ విల్మెట్‌లో విచ్చుకున్న వేల పువ్వుల్లో ప్రతి ఒక్కదాన్నీ ఆయన నిలబడి చూశాడు. గడ్డం కొంచెం నారింజ వైపు తిరిగిందా, రేకులో ఊదా కొంచెం తగ్గిందా అని. తోటలన్నిటా ఇప్పుడు రాజ్యమేలుతున్న రంగుకి అమ్మమ్మలు, వాళ్ళ అమ్మమ్మలు ఆ వేలలోవే. వాటికి నంబరు తప్ప ఏమీ దక్కలేదు, ఆ నంబరు కూడా ఎన్నిటికో మిగల్లేదు. పేరున్న పాత రకాలైనా పోకుండా కాపాడడానికి అమెరికాలో పాత ఐరిస్‌ల కోసం ప్రత్యేకంగా ఒక సంఘం ఉంది. ప్రెస్బీ లాంటి తోట కూడా అందుకే. కానీ పేరు లేనివాటికి దిక్కు వాటి పిల్లలే. ఎస్‌క్యూ-72 జన్యువులు ఆ మళ్ళలో ఎక్కడో తిరుగుతూనే ఉంటాయి, వేరే పేర్ల పలకల వెనక.

ఈ మధ్య ప్రయోగశాలలోనూ ఈ రంగు మీద పని జరిగింది. ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 'ఫైర్ బ్రైడ్' అనే ఐరిస్‌లోకి ఒక బ్యాక్టీరియా జన్యువుని పెట్టారు. లైకోపీన్ దారిలో మొదటి మెట్టుని బలపరిచే జన్యువు అది. 2014లో ఫలితాలు ప్రచురించారు. పూకాడ పచ్చదనం పోయి నారింజకి తిరిగింది, అండాశయమూ అలాగే అయింది. తెల్లటి కేసరాలు గులాబీకి తిరిగాయి. రేకుల రంగు మాత్రం చెప్పుకోదగినంత మారలేదు. తోటలో కలిసిన పెద్దావిడకి ఈ సంగతి తెలుసు. అసలు ఎర్రటి ఐరిస్, మంకెన పువ్వంత ఎర్రది, ఇంతవరకూ ఎవరి తోటలోనూ పూయలేదని కూడా తెలుసు. దానికి దారి ఈ గులాబీల్లోంచే ఉందని ఆవిడ నమ్మకం. తన పెరట్లో 'వానిటీ' మనవల్ని ముదురు నారింజ రకాలతో కలిపి కాయలు పట్టించిందట. గింజలు వచ్చే శీతాకాలం మట్టిలో ఉంటాయి. పూసే ఏడాది మళ్ళీ రమ్మని మమ్మల్ని పిలిచింది. ఎర్రది రాకపోయినా ఏం పీకేయాలో, ఏం ఉంచాలో ఎంచడానికి ఇంకో రెండు జతల కళ్ళు కావాలంది.